గుండె పెట్టుకున్న ఫిర్యాదు

పడుకుంటే ఊపిరాడక మూడు రోజులుగా కుర్చీలోనే కునుకు తీస్తున్న మా మామయ్య గుండె, మా ల్యాబ్ యంత్రం లెక్క ప్రకారం, ఇరవై ఏళ్ల ఆటగాడి గుండె కంటే బాగుంది.

తెర మీద అంకె ముప్పై ఎనిమిది.

కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాను. ముప్పై ఎనిమిదే. పొద్దున ఏడున్నరకి వార్డులో రక్తం తీసింది నేనే. ట్యూబు మీద స్టిక్కర్ అంటించింది నేనే. యంత్రంలో పెట్టింది నేనే. కాబట్టి వేలెత్తి చూపడానికి ఎదురుగా ఎవరూ లేరు.

గుండెని అందరూ పంపు అంటారు. అది సగం నిజం. గుండె ఒక గ్రంథి కూడా. లోపల రక్తం నిలిచిపోయి గోడలు సాగితే, ఆ గోడల్లోని కణాలు ఒక హార్మోన్ని వదులుతాయి. పెప్టైడ్ హార్మోన్ అంటారు, ప్రోటీను తాడులో చిన్న తుంపు లాంటిది. 'నా వల్ల కావడం లేదు, ఉప్పూ నీళ్లూ బయటికి తోలండి' అని గుండె కిడ్నీలకి పెట్టుకునే ఫిర్యాదు అది. రక్తంలో అలాంటి ఫిర్యాదులు ఎన్ని తిరుగుతున్నాయో లెక్కపెట్టడమే మా పరీక్ష. మంచి గుండెకి వంద లోపు వస్తుంది. మూడు వందలు దాటితే డాక్టర్లు తలెత్తి చూస్తారు. చీలమండలు ఉబ్బి, ఐదు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునే మామయ్యకి వేలల్లో రావాలి.

శాంపిల్ మళ్లీ పెట్టాను. నలభై ఒకటి.

యంత్రానికి మతి పోయిందేమోనని, లెక్క ముందే తెలిసిన ద్రావణం పోసి చూశాను. దానికి సరిగ్గా చెప్పింది. అంటే యంత్రం నిక్షేపంలా ఉంది. ట్యూబు తారుమారైందా? ఆ పూట ఆ పరీక్షకి వచ్చిన ట్యూబు అదొక్కటే.

అప్పటికే రిపోర్టు పైకి వెళ్లిపోయింది. మా ల్యాబ్ పెద్దాయన్ని మేమందరం సంతకం సార్ అంటాం. కాగితం కనబడితే చాలు, చదవకుండా సంతకం పెట్టేస్తాడు. ఓసారి క్యాంటీన్ టీ చీటీ మీద కూడా పెట్టాడు.

"సార్, మా మామయ్య రిపోర్టు వెనక్కి తెప్పించండి. అంకె తప్పు."

"సంతకం అయిపోయిందమ్మా."

"అయితే ఏం సార్? ఇంకో సంతకం పెట్టండి."

"ఎందుకు తప్పు?"

"మనిషిని చూస్తే తెలుస్తోంది సార్."

ఆయన పెన్ను మూత పెట్టి నా వంక జాలిగా చూశాడు. "మనిషిని చూసి చెప్పేటట్టయితే ఇంత యంత్రం ఎందుకమ్మా? అదీ కాక ఇంటివాళ్ల శాంపిల్ ఇంటివాళ్లు ముట్టుకోకూడదని రూలుంది. ముట్టుకున్నావ్. నేనేం అనలేదు. ఇప్పుడు అంకె నచ్చలేదని మార్చమంటున్నావ్. బాగుంటుందా?"

బాగుండదు. ఆయన జీవితంలో మొదటిసారి సరైన మాట చెప్పాడు, అదీ ఇవాళే చెప్పాలా! ఒళ్లు మండింది. తలుపు కొంచెం గట్టిగానే వేసి పైకి పరిగెత్తాను.

వార్డులో మామయ్య మంచం తల వైపు నిలువుగా లేపి ఉంది. ఆయన చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఒక సీసా అప్పటికే ఖాళీ అయి కింద పడుంది. రెండోది సగానికి వచ్చింది.

గుండె నీళ్లు తోడలేక చస్తుంటే పైనించి ఇంకా నీళ్లు పోస్తున్నారు. ఉప్పు నీళ్లు.

"ఏం అమ్మాయ్," అన్నాడు మామయ్య, ముక్కకీ ముక్కకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "నా రక్తంలో... ఏముందట? కత్తెర... చప్పుడా?"

ఆయనకి సెలూన్ ఉంది. ముప్పై ఆరేళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి. ఇప్పుడు పక్క కుర్చీ మా ఆయనది.

"మాట్లాడకండి మామయ్యా."

"మాట్లాడొద్దంటే ఊరుకునే మనిషేనా?" అంది అత్తయ్య, స్టూలు మీంచి. "దువ్వెనో దువ్వెనో అని పొద్దుటి నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. చచ్చేవాడికి సోకులెందుకని అడిగా."

"చచ్చేవాణ్ని... చూడ్డానికి కూడా... పదిమంది వస్తారే."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషమంతా నేను సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను.

డ్యూటీ డాక్టరమ్మ ఎదురు మంచం దగ్గరుంది. పనిమంతురాలు. ఒకేసారి ముప్పై మందిని చూస్తూ ఎవరి పేరూ మర్చిపోని మనిషి. రెండేళ్లుగా మా ఇద్దరికీ పడదు. తనకి తోచిన జబ్బుకి మా అంకె సరిపోకపోతే "మళ్లీ చెయ్యండి" అని ట్యూబు తిప్పి పంపేది. ఒకరోజు విసుగెత్తి, వార్డు గోడ మీద నేనే ఒక కాగితం అంటించాను: 'రిపోర్టుని శంకించే ముందు మీ శంకని శంకించండి. ఇట్లు, ల్యాబ్.'

"డాక్టర్ గారూ, ఆ సెలైన్ ఆపండి. ఆయనది గుండె జబ్బు."

"కాదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. ఎక్స్‌రే తెల్లగా ఉంది, బీపీ తొంభై ఉంది. నీళ్లు కావాలి."

"గుండె ఫెయిలై నీళ్లు చేరినా ఎక్స్‌రే తెల్లగానే ఉంటుంది కదండీ. బీపీ పడిపోతుంది కదండీ."

"ఉంటుంది. పడిపోతుంది. రెండింట్లో ఏదో తేల్చుకోడానికే కదా నీ దగ్గరికి రక్తం పంపింది? ముప్పై ఎనిమిది అన్నావ్. నువ్వే అన్నావ్."

"గుండె స్కాన్ తీయించండి."

"ఆ యంత్రం రిపేరుకి వెళ్లి నాలుగు రోజులైంది. రేపొస్తుందంటున్నారు." ఆమె గోడ మీది నా కాగితం వైపు చెయ్యి చూపించింది. చదవమన్నట్టు. నేను రాసిందే కదా, చదవక్కర్లేకుండానే మొహం మీద కొట్టినట్టయింది.

"తప్పయింది. చింపేస్తాను. ముందు సెలైన్ ఆపండి."

ఆమె గొంతు తగ్గించింది. "చూడమ్మా. ఇది ఇన్ఫెక్షనై, నువ్వు చెప్పావని నేను నీళ్లు ఆపేస్తే మనిషి పోతాడు. అది నా మెడకి. చుక్కలు నెమ్మది చేస్తాను. ఆపను. నీ అంకె ఎందుకు తప్పో కారణం తీసుకురా. అప్పుడు నేనే పీకి పారేస్తా."

మామయ్య మంచం దగ్గరికొచ్చి సెలైన్ గొట్టం మీది చక్రం తిప్పింది. చుక్కలు నెమ్మదించాయి. అంతే, ఆగలేదు.

వెనక్కి తిరిగి మామయ్య దగ్గర వంగాను. "ఏమైనా మందులు వాడుతున్నారా మామయ్యా? బీపీ మాత్ర కాకుండా?"

"లేదమ్మా."

"పసర్లు, పొడులు, బలానికి మాత్రలు?"

"లేదంటే... లేదు."

"ఆయనా? మాత్రలా?" అంది అత్తయ్య. "ఆ ఒక్క బీపీ మాత్ర మింగించాలంటేనే ఇల్లు పీకి పందిరేస్తాడు. నేను నోట్లో పెట్టి నీళ్లు పొయ్యాలి."

మామయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. దగ్గొస్తుందని చూస్తున్నాడనుకున్నాను.

కిందకొచ్చి మిగిలిన రక్తాన్ని పట్టుకుని కూర్చున్నాను. మాకు చదువుకునే రోజుల్లో నేర్పిన ఒక చిట్కా ఉంది, రోజువారీ పనిలో ఎవరూ వాడరు. అంకె మీద అనుమానమొస్తే శాంపిల్ని పలచన చెయ్యాలి. ఒక వంతు రక్తపు నీరు, తొమ్మిది వంతులు ఏమీ లేని ద్రవం. వచ్చినదాన్ని పదితో హెచ్చిస్తే మొదటి అంకే రావాలి. పాలలో నీళ్లు పోస్తే చిక్కదనం తగ్గాలి గాని పెరగదు కదా.

పలచన చేసి పెట్టాను. పద్దెనిమిది నిమిషాలు. ఈలోగా సంతకం సార్ రెండుసార్లు తొంగి చూసి, రెండుసార్లూ "రూలు" అని వెళ్లాడు.

అంకె వచ్చింది. పదితో హెచ్చించాను. వెయ్యిన్నీ తొమ్మిది వందలు.

ఈసారి ఇరవై వంతులు పలచన చేశాను. నాలుగు వేల రెండు వందలు.

నీళ్లు పోసేకొద్దీ చిక్కబడుతున్న పాలు! వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గుండె ఫిర్యాదులు పెడుతూనే ఉంది, వేలకొద్దీ పెడుతోంది. రక్తంలో ఇంకేదో ఉంది. అది ఆ ఫిర్యాదుల్ని యంత్రానికి అందకుండా అడ్డుకుంటోంది. నీళ్లు పోస్తే ఆ దొంగ బలం తగ్గుతోంది.

పైకి ఫోన్ చేశాను. డాక్టరమ్మ అంతా విన్నది.

"ఏదో ఉందంటే ఏది?"

"తెలీదు."

"తెలుసుకో. మూడో సీసా పెట్టకుండా పన్నెండున్నర దాకా ఆగుతా. ఇంకా ఎక్కువ ఆగలేను, బీపీ జారుతోంది."

టైం పదకొండూ పది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పరీక్ష రసాయనాల పెట్టె వచ్చినప్పుడల్లా లోపల ఎనిమిది మడతల పల్చటి కాగితం ఒకటి వస్తుంది. చీమ తలకాయలంత అక్షరాలు. పెట్టె తెరవగానే ఆ కాగితం తీసి టీ కెటిల్ కింద పరుస్తాం. బల్ల మీద మరక పడకుండా ఉంటుందని. రెండేళ్లలో నేను కనీసం వంద కాగితాలు పరిచి ఉంటాను. చదివింది ఒక్కటీ లేదు.

కెటిల్ ఎత్తి కాగితం లాగాను. గుండ్రటి టీ మరకల మధ్య, ఆఖరి మడతలో దొరికింది. చదివి రెండు చేతులతో తల పట్టుకున్నాను. కారణం రెండేళ్లుగా టీ గ్లాసుల కింద పడుంది!

మా పరీక్షలో హార్మోన్ని పట్టుకునే కొక్కేనికి బయోటిన్ అనే విటమిన్ని తోకలా తగిలిస్తారు. యంత్రంలో సన్నటి గింజలుంటాయి, వాటి నిండా గూళ్లు. కొక్కెం హార్మోన్ని పట్టుకుంటే, తోక వెళ్లి గూట్లో ఇరుక్కుంటుంది. తర్వాత అంతా కడిగేసి, గూట్లో మిగిలినదాన్ని లెక్కపెడతారు. మనిషి రక్తంలో ముందే బయోటిన్ బోలెడుంటే అదే పోయి గూళ్లన్నీ ఆక్రమించేస్తుంది. పిలవని చుట్టాలు కుర్చీలన్నీ పట్టేస్తే పిలిచినవాళ్లు గుమ్మంలోనే నిలబడతారు. కడిగేటప్పుడు వాళ్లే కొట్టుకుపోతారు. అంకె పడిపోతుంది.

రోజూ తినే తిండిలో ఉండే బయోటిన్ ఈ పని చెయ్యలేదు. గుప్పెళ్లతో మింగాలి. దాన్ని గుప్పెళ్లతో మింగేది ఎవరు? జుట్టు రాలేవాళ్లు.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "అత్తయ్యా, మామయ్య జుట్టుకి మాత్రలేమైనా వాడుతున్నారా?"

"ఉన్న నాలుగు వెంట్రుకలకి మాత్రలెందుకే? నీకేమైనా మతి పోయిందా? ఇక్కడ ఆయనకి ఆయాసం ఎక్కువవుతోంది, నువ్వు జుట్టంటావేంటి!"

"ఆయన్ని అడగండి."

అటు గొణుగుడు వినబడింది. "లేదంటున్నాడు. కోపంగా కూడా చూస్తున్నాడు."

గోడకి చెప్పుకున్నా కనీసం కోపంగా చూడదు. కోటు విప్పి కుర్చీ మీద పడేసి బయటపడ్డాను. సెలూన్ రెండు వీధుల అవతల.

మా ఆయన ఒకాయన చెంపకి నురగ రాస్తున్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఆగిపోయింది. "నాన్నకి..."

"ఏం కాలేదు. ఇంకా కాలేదు. మీ నాన్న జుట్టుకి మాత్రలు మింగుతున్నాడా?"

"నాన్నా? ఛ! వచ్చినవాళ్లకి ఆయనే చెబుతాడు, మాత్రలతో జుట్టు మొలిస్తే డాక్టర్లందరికీ జడలుండేవని."

"సొరుగులు వెతుకు."

"ఇప్పుడా? ఈయన..."

నురగ మొహంతో కూర్చున్నాయన చెయ్యెత్తాడు. "వెతకండమ్మా వెతకండి. నాకేం తొందర లేదు. సగం గడ్డంతో ఎక్కడికి పోతాను?"

రెండు సొరుగులు నేను, రెండు మా ఆయన. కత్తెరలు, బ్లేడు పొట్లాలు, తెల్ల గుడ్డలు, చీపురు పుల్లలు, విరిగిన దువ్వెనలు. ఏమీ లేవు. అద్దం వెనక లేవు. కుర్చీ మెత్త కింద లేవు. టైం పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. నాకు ఏడుపొచ్చేస్తోంది. మనిషి తనని తానే చంపుకుంటూ ఆనవాలు ఇంత శుభ్రంగా దాచుకుంటాడా!

"ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వని వస్తువేదైనా ఉందా ఇక్కడ?"

మా ఆయన ఆలోచించాడు. "పౌడరు డబ్బా. మెడకి రాసేది. నాది నాకు వేరే ఉంది. ఆయనది ముట్టుకుంటే చెయ్యి విరుస్తానంటాడు. హస్తవాసి పోతుందట."

డబ్బా తీసి ఊపాను. పౌడరు చప్పుడు చెయ్యదు. అది గలగలలాడింది.

మూత ఊడబెరికి బల్ల మీద బోర్లించాను. గులాబీ రంగు మాత్రలు, చిక్కుడు గింజలంత. అడుగున చుట్టి పెట్టిన సీసా కాగితం. 'ఒత్తైన జుట్టుకి. అధిక మోతాదు బయోటిన్. రోజుకి ఒకటి.'

"ఓరి నాన్నోయ్," అన్నాడు మా ఆయన, కుర్చీలో కూలబడి.

"ఆ డబ్బా ఎక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు సగం గడ్డం ఆయన, తన నెత్తి తడుముకుంటూ.

నేను మాత్రలు గుప్పెట్లో పట్టుకుని అప్పటికే వీధిలో ఉన్నాను.

ల్యాబ్‌లో కాగితం, లెక్కలు తీసుకుని పన్నెండూ ఇరవైకి వార్డులో కాలు పెట్టాను. మూడో సీసా స్టాండుకి వేలాడుతోంది, ఇంకా తగిలించలేదు. మామయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. అత్తయ్య ఆయన వీపు రాస్తూ ఏమీ మాట్లాడటం లేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

టీ మరకల కాగితం, మాత్రలు, పలచన లెక్కలు, మూడూ డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె కాగితం చదివింది. మాత్ర తిప్పి చూసింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"సెలైన్ పీకెయ్," అంది నర్సుతో. "నీళ్లు తోడే ఇంజెక్షన్ నరానికి ఇవ్వు. ఆక్సిజన్ పెంచు. పక్కన నిలబడి ప్రతి ఐదు నిమిషాలకీ బీపీ చూడు." నా వైపు తిరిగింది. "ఈ రక్తంలో బయోటిన్ పోయాకే మళ్లీ పరీక్ష. అందాకా నువ్వు ఏ అంకె పంపినా నేను నమ్మను."

"నమ్మకండి," అన్నాను.

ముప్పావు గంట నేనూ అత్తయ్యా డాక్టరమ్మా మంచం కింద వేలాడే మూత్రం సంచినే చూశాం. మొదట ఏమీ రాలేదు. తర్వాత చుక్క. తర్వాత ధార. సంచి నిండుతుంటే ఇంత ఆనందం కలుగుతుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. లీటరు దాటేసరికి పెదాల్లో నీలం తగ్గింది. ఒకటిన్నరకి మామయ్య ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పాడు. ఆ వాక్యం: "నా పౌడరు డబ్బా ఎవడు ముట్టుకున్నాడు?"

నా ఓపిక అక్కడితో చచ్చింది.

"నేనే ముట్టుకున్నాను! పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని? ఎన్నిసార్లు లేదన్నారు? మీ ఉప్పునీళ్లు ఒక్కో చుక్కా నేను లెక్కపెడుతున్నాను, మీరేమో కిటికీ చూస్తున్నారు! డాక్టర్ గారికి ఎన్ని మింగారో, ఎప్పుడు మింగారో తెలియాలి. ఈసారి ఒక్కటి దాచినా నేను మీ కోడల్ని కాను."

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని మంచం పక్కన నిలబడింది. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య ముందు దుప్పటి సర్దుకున్నాడు. తర్వాత చెయ్యి నెత్తి మీదికి పోయింది, మధ్యలో ఆగి వెనక్కొచ్చింది.

"నాలుగు నెలలైంది డాక్టరమ్మా. కాగితం మీద రోజుకొకటి అని రాసుంది, చదివాను. ఒకటి మామూలోళ్లకి. నాది తొందర. పొద్దున పది, సాయంత్రం పది. మందులు వాడుతున్నావా అని అడిగారు. ఇది మందు కాదు కదా, విటమిను కదా, లేదన్నాను. అదీ అబద్ధమేలే. సిగ్గేసింది. మా అమ్మాయి మూడోసారి అడిగినప్పుడు చెప్పేద్దామనుకున్నా. మీ అత్తయ్య పక్కనే ఉందమ్మా. ఆవిడ నవ్వితే ఏడాది నవ్వుతుంది.

"నా పనిలో ఒక చిక్కుంది, మీకు తెలీదు. అద్దంలో రెండు తలలు కనబడతాయి. కుర్చీలో కూర్చున్నోడు తన తల చూసుకోడు, వెనకున్న నా తల చూస్తాడు. చూసి, పక్క కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగుతానంటాడు. పక్క కుర్చీ నా కొడుకుది. ముప్పై ఆరేళ్లు నేర్చిన చెయ్యి ఇది, ఖాళీగా గుడ్డ దులుపుకుంటూ నిలబడితే ఎలా ఉంటుందో ఎవరికి చెప్పుకోను? వాడికా? వాడికి పని నేర్పింది నేనే.

"ఇంకా ఉంది. అమ్మాయ్, కొట్టకు. చొక్కా జేబులో ఒక పొట్లం ఉంది, తీసేసుకో. పొద్దున రక్తం తియ్యకముందు బాత్రూంలో పది వేసుకున్నా. నువ్వు తీసుకుని వెళ్లాక డాక్టరమ్మ వచ్చి, నీ గుండెకేం ఢోకా లేదయ్యా అంది. ఆ మాటకి ఎంత ధైర్యమొచ్చిందో! గుండె బాగానే ఉందట, ఇంక జుట్టు సంగతి ఒక్కటే చూసుకోవాలనుకుని, ఇంకో పది వేసుకున్నా."